తాడు, రంపము, వృక్షవైద్యుడు

వేసవి చివర గాలివాన వచ్చి వెళ్ళిన రాత్రులలో మా ప్రసారములు చాలమంది శ్రోతలకు అందవు. లోపము మా ట్రాన్స్‌మిటరులో కాదు. వీధి మొగలోని ఏ నిద్రగన్నేరు కొమ్మయో విరిగి కరెంటు తీగలమీద పడి ఉంటుంది. ఇంట దీపముతోపాటు రేడియో కూడ మూగవోతుంది. తెల్లవారగానే నిచ్చెన, గొడ్డలి, ఒక యంత్రపు రంపము పట్టుకొని నలుగురు మనుషులు వస్తారు. కొంతసేపటికి తీగలు బాగుపడతాయి. చెట్టు మాత్రము సగము తల తెగిన మోడుగా మిగులుతుంది. ఆ కొమ్మ ఎక్కడ తెగినది, తెగినచోట రేపు ఏమి కాబోతున్నది అని అడిగేవారు అరుదు. దానిమీద నిలబడి నరికినవాని నడుముకు తాడు ఉన్నదా అని అడిగేవారు ఇంకను అరుదు.

ఈ రెండు ప్రశ్నలనూ తమ వృత్తికి ఆధారముగా పెట్టుకొన్నవారు పాశ్చాత్య దేశములలో నూరేండ్లకు పైగా ఉన్నారు. వారిని ట్రీ సర్జన్ అంటారు. మనము వృక్షశస్త్రవైద్యుడు అనవచ్చును. మనుష్యులకు వైద్యము చేసే డాక్టరు రోగి ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటాడు. ఈ డాక్టరు రోగి భుజముమీదికి ఎక్కి, రోగి ఎముకకే తాడు తగిలించి, ఆ తాడుకు వేలాడుతూ శస్త్రము పట్టుతాడు. రోగనిర్ణయము తప్పినదా, రోగి అవయవముతోపాటు వైద్యుడును నేల కూలుతాడు. ఇంత దగ్గరగా రోగి ప్రాణమును తన ప్రాణమునకు ముడి వేసికొన్న వైద్యుడు మరొకడు మాకు కనిపించలేదు. అందుచేతనే ఈ వృత్తి చరిత్రను చెట్టు కథగా విడిగాను, మనిషి కథగా విడిగాను చెప్పుటకు వీలు లేదు.

చెట్టుకు వైద్యమనే మాట మనకు కొత్త కాదు. క్రీ.శ. 6వ శతాబ్దములో వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమే కేటాయించినాడు. చలి, గాలి, ఎండల వలన చెట్లకు జబ్బులు వస్తాయనీ, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు ఎదగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట వాని గుర్తులనీ చెప్పినాడు. చికిత్సలో మొదటి పని శస్త్రముతో శుద్ధి చేయుట. తరువాత వాయువిడంగములు, నెయ్యి, బురద కలిపి పూయాలి. పాలు కలిపిన నీరు పోయాలి. అటుపిమ్మట సురపాలుడు తన వృక్షాయుర్వేద గ్రంథములో వాత పిత్త కఫములను చెట్లకును అన్వయించినాడు. ఆ గ్రంథపు వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బాడ్లియన్ గ్రంథాలయములో ఉన్నది. నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదముతో 1996లో అది సికింద్రాబాదునుండి పుస్తకముగా వెలువడినది. వరాహమిహిరుడు శస్త్రము పేరు చెప్పినాడు గాని, ఆ శస్త్రము పట్టి చెట్టెక్కినవాని సంగతి ఆ శ్లోకములలో రాదు.

పుండును చెక్కి శుభ్రము చేయుట, పైన పూత పూయుట అనే ఈ వరుస ఇంగ్లండులోకూడ ఇట్లే కనిపిస్తుంది. 18వ శతాబ్ది చివర కెన్సింగ్టన్ రాజోద్యానములను చూచే విలియం ఫోర్సిత్ అనే తోటమాలి, చెట్ల గాయములకు ఒక లేపనము తయారు చేసినాడు. ఆవుపేడ, పాత కట్టడముల సున్నపు గార, కట్టె బూడిద, ఇసుక అందులోని ద్రవ్యములు. పెరట్లో తులసికోట అలికే మన ఇల్లాండ్రకు ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. ఇంగ్లీషువారికి మాత్రము అది రాచకార్యమైనది. ఆ రోజులలో యుద్ధనౌకలు ఓక్ దూలములతో కట్టేవారు. పుచ్చిన ఓక్ చెట్లు మళ్ళీ గట్టి కలప ఇస్తాయంటే నౌకాబలమే పెరిగినట్లు. ఫోర్సిత్ 1791లో దీనిని గురించి పుస్తకము ప్రకటించినాడు. పార్లమెంటు అతనికి ధనమిచ్చి సత్కరించినది. పండ్లచెట్ల శాస్త్రములో పేరు గడించిన థామస్ ఆండ్రూ నైట్ మాత్రము ఆ లేపనమువలన చచ్చిన కలప తిరిగి బ్రదుకుట అబద్ధమని ఎదురు నిలిచినాడు. నైట్ మాటే నిజమైనది. ఫోర్సిత్ పేరు నేడు లేపనమువలన కాక, ఫోర్సితియా అనే పచ్చని పూలపొదవలన మిగిలి ఉన్నది.

వృక్షవైద్యమును మనుష్యులు జీతము తీసికొని చేసే వృత్తిగా నిలిపినవారిలో ముందు చెప్పవలసిన పేరు జాన్ డేవీ. ఇతడు 1846లో ఇంగ్లండులోని సోమర్సెట్ సీమలో వ్యవసాయపు కుటుంబములో పుట్టినాడు. యువకుడయ్యేవరకు చదవడము వ్రాయడము రాదు. తోటపని నేర్చుకొంటూ అక్షరములు నేర్చుకొన్నాడు. 1873లో అమెరికా చేరి, కొన్నేళ్ళకు ఒహాయో రాష్ట్రములోని కెంట్ అనే చిన్న ఊరిలో స్థిరపడినాడు. అక్కడి శ్మశానవాటికను తోటగా దిద్దే పని అతనికి దొరికినది. అక్కడ పాత చెట్లకు చేసిన చికిత్సలే అతనికి పేరు తెచ్చినవి.

అప్పటి అమెరికా పట్టణములలో టెలిఫోను తీగలు, విద్యుత్తు తీగలు కొత్తగా వేస్తున్నారు. తీగకు అడ్డమైన చెట్టు తల నరికివేయుట అప్పటి మర్యాద. డేవీకి ఇది కసాయిపనిగా కనిపించినది. 1901లో 'ది ట్రీ డాక్టర్' అనే పుస్తకమును ఎన్నో ఛాయాచిత్రములతో ప్రచురించి, అట్లు తలలు నరికే అలవాటును తీవ్రముగా ఖండించినాడు. జనము పుస్తకము చదివి తమ చెట్లను చూడమని పిలువసాగినారు. ఒక్కడు చాలడు, కాబట్టి కుర్రవాండ్రకు శిక్షణ ఇచ్చుటకు పాఠశాల పెట్టవలసి వచ్చినది. 1909లో ఆ వ్యాపారము కంపెనీగా రిజిస్టరు అయినది. డేవీ 1923లో చనిపోయినాడు. ఆయన కుమారుడు మార్టిన్ డేవీ 1935 నుండి 1939 వరకు ఒహాయో గవర్నరుగా ఉన్నాడు. 1979లో కంపెనీని ఆ ఉద్యోగులే కొనుక్కొన్నారు. చెట్టెక్కేవారు యజమానులైన సంస్థలు ప్రపంచములో ఎక్కువ ఉండవు.

డేవీ శిష్యుల పనిలో జనమునకు అన్నిటికంటె అబ్బురముగా తోచినది తొర్రలను పూడ్చుట. పంటి డాక్టరు పుచ్చుపన్నును తొలిచి నింపినట్లే, వీరు ఉలితో తొర్రలోని కుళ్ళిన భాగమంతా చెక్కి, లోపలి గట్టి కలప కనబడేవరకు శుభ్రపరచి, సిమెంటు కాంక్రీటుతో నింపేవారు. గాలికి మాను ఊగితే కాంక్రీటు పగులుతుంది గదా అని, దానిని ముక్కలు ముక్కలుగా పేర్చే నేర్పు కనిపెట్టినారు. అంచుమీదికి కొత్త బెరడు క్రమముగా పెరిగి వచ్చేది. ఇంటి యజమాని దానిని చూచి సంతోషించేవాడు. గాయము కనబడకపోయినది కాబట్టి చెట్టు కోలుకొన్నదని అందరును నమ్మినారు. కొమ్మ కోసినప్పుడు మానుకు ఒరసి నున్నగా కోయుట, కోతమీద తారు పూయుట కూడ ఇదే నమ్మకములోని భాగములు. ఈ నమ్మకము రెండు తరములపాటు చెక్కుచెదరలేదు. దానిని చెదరగొట్టినది ఒక రంపము. ముందు దాని పుట్టుక చెప్పుకోవాలి.

ఇంజనీర్లు చెయిన్‌సా అనీ, మన కూలీలు కటింగ్ మిషన్ అనీ పిలిచే గొలుసు రంపము ఆలోచన మొదట అడవిలో పుట్టలేదు. వైద్యుల చేతిలో పుట్టినది. 18వ శతాబ్ది చివర జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు స్కాట్లండు వైద్యులు గడియారపు గొలుసువంటి సన్నని గొలుసుకు పండ్లు అమర్చి, రెండు కొసలకు పిడులు పెట్టి, చేతితో అటూ ఇటూ లాగి ఎముక కోసే సాధనమును వాడినారు. కష్టప్రసవములలో కటి ఎముకల సంధిని విడదీయుటకును, పుచ్చిన ఎముక ముక్కను తీసివేయుటకును అది ఉద్దేశింపబడినది. 1830 ప్రాంతమున బెర్న్‌హార్డ్ హైనే అనే జర్మను వైద్యుడు ఒక పట్టీ చుట్టూ గొలుసు తిరిగేటట్లును, పిడి త్రిప్పితే అది పరుగెత్తేటట్లును చేసి ఆస్టియోటోమ్ అనే పరికరము తయారుచేసినాడు. దాని బొమ్మ చూచినవారికి నేటి గొలుసు రంపము పసితనము జ్ఞప్తికి రాక మానదు. మత్తుమందు ఇంకా రాని రోజులవి. ఎముక త్వరగా తెగుటే రోగికి చేయగల పెద్ద దయ. ఆ ఎముక రంపమునుండి చెట్టు రంపమునకు తిన్నగా వంశవృక్షము గీయుట సాధ్యము కాదు. అయినను వృక్షశస్త్రవైద్యుడు నేడు పట్టిన ఆయుధమునకు ముందుగా శస్త్రవైద్యుని చేతిలో ఒక రూపము ఉండుట చమత్కారమే.

అడవికి తగిన యంత్రము జర్మనీలో వచ్చినది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడిచే గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడిచే దానిని తయారు చేసినాడు. ఈ నడుమ 1927లో ఎమిల్ లెర్ప్ తన రంపమును థురింజియాలోని డోల్మార్ కొండమీద పరీక్షించి, ఆ కొండ పేరే తన సరుకుకు పెట్టినాడు. అవన్నియు ఇద్దరు మనుషులు చెరొకవైపు పట్టి మోయవలసిన బరువులు. వానిని చెట్టుమీదికి తీసికొనిపోవుట ఊహకు అందని మాట. గొలుసు పండ్లుకూడ చేతి రంపపు పండ్లవలెనే ఉండి ఊరకే మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రములో జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు కట్టె తొలిచే పురుగు పిల్లను గమనించినాడు. అది తన రెండు దవడలను కుడి ఎడమలకు ఆడిస్తూ, కలప పోగులకు అడ్డముగాను నిలువుగాను సమానమైన సుళువుతో తొలుచుకొనిపోతున్నది. ఆ దవడల వంపును ఉక్కులో పోతపోసినట్లు అతడు గొలుసుకు ఎక్కించినాడు. 1947లో ఆ గొలుసును అమ్మకమునకు పెట్టినాడు. నేటి గొలుసు రంపములన్నిటిలోను ఆ పురుగు దవడ ఏదో రూపమున ఉన్నది. 1950 తరువాత ఒక్క మనిషి మోయగల రంపములు వచ్చినవి. కొంతకాలమునకు, కొమ్మల నడుమ పట్టుకొనుటకు వీలుగా పిడి పైభాగమున ఉండే చిన్న రంపములును వచ్చినవి.

ఇక ఆ రంపము చేసిన ఉపకారము. అలెక్స్ షైగో (1930-2006) అమెరికా అటవీశాఖలో చెట్ల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు. ఆయన 1959లో ఉద్యోగములో చేరునాటికి ఒక్కడు పట్టగల గొలుసు రంపములు చేతికి వచ్చినవి. అంతవరకు శాస్త్రజ్ఞులు చెట్టును అడ్డకోత కోసి, ఆ గుండ్రని బిళ్ళను చూచి లోపలి కుళ్ళును ఊహించేవారు. షైగో రంపముతో మానును నిలువునా, తలనుండి మొదలువరకు చీల్చి చూడసాగినాడు. ఒకటి రెండు కాదు, వేల చెట్లను అట్లు కోసినాడు. కనిపించినది అందరి నమ్మకమునకు విరుద్ధముగా ఉన్నది.

మన శరీరమునకు గాయమైతే చెడిన కణముల స్థానములో కొత్త కణములు పుట్టి, ఆ చోటే మళ్ళీ బాగుపడుతుంది. చెట్టుకు ఆ శక్తి లేదు. కుళ్ళిన కలప తిరిగి మంచి కలప కాదు. చెట్టు చేసేదల్లా గాయము చుట్టూ గోడలు కట్టుట. పైకి క్రిందికి పోయే నాళములను పూడ్చుకొంటుంది. అది అన్నిటికంటె బలహీనమైన గోడ. లోపలివైపు ఏటేటి వలయములు ఒక గోడ, ప్రక్కలకు పోవు రేఖలు ఒక గోడ. గాయము తగిలిన తరువాత బెరడు క్రింద పుట్టే కొత్త పొర నాలుగవది. అది అన్నిటికంటె గట్టిది. గాయమైననాటికి ఉన్న కలపలోనే కుళ్ళు బందీ అవుతుంది. తరువాత పుట్టిన కలప శుభ్రముగా ఉంటుంది. 1977లో షైగో ఈ సిద్ధాంతమును సహచరునితో కలిసి ప్రకటించినాడు. ఆంగ్లాక్షరములను కలిపి దానిని కోడిట్ అని పిలుస్తారు.

ఇప్పుడు డేవీ శిష్యుల ఉలిని జ్ఞాపకము చేసికొనండి. వారు శ్రద్ధగా, గంటలకొద్ది, గట్టి కలప వచ్చేవరకు చెక్కినది ఏమిటి? చెట్టు ఏండ్ల తరబడి కట్టుకొన్న గోడ. గోడ పడగానే లోపల బందీగా ఉన్న శిలీంధ్రము మంచి కలపలోనికి ప్రవేశించినది. మానుకు ఒరసి నున్నగా కోసిన కోతకూడ ఇట్టిదే. కొమ్మ మొదట మెడపట్టెడవలె ఉబ్బిన చోటు ఒకటి ఉంటుంది. అది కొమ్మది కాదు, మానుదే. అందులోనే చెట్టు రక్షణ అంతయు ఉన్నది. దానిని కోసివేస్తే గాయము మానుకు తగిలినట్లు. దానిని దాటి దూరముగా కోసి మోడు విడిచినా తప్పే. పట్టెడకు ఆనుకొని, దానిని తాకకుండ కోయాలి. తారు పూతలు కుళ్ళును ఆపవని తేలినది. సిమెంటు పూడ్పు మానివేసినారు. పాత పూడ్పులు మాత్రము బెరడు మూసికొని పెద్ద మానులలో దాగి ఉండి, నరకబోయినవారి రంపపు గొలుసులను తెంపుతూ వచ్చినవి. మొదటి తరము వైద్యులు మంచి బుద్ధితోనే చేసినారనుటలో సందేహము లేదు. కాని చెట్టును చీల్చి చూడవలెనని డెబ్బది ఏండ్లు ఎవరికిని గట్టిగా తోచకపోవుట మాకు వింతగానే ఉన్నది.

ఈ జ్ఞానము చెట్టుకు ఎంత అవసరమో ఎక్కేవానికి అంతకంటె అవసరము. ఎట్లో చెప్పాలంటే అతడు ఎక్కే పద్ధతి చెప్పాలి.

వృక్షవైద్యుడు రాగానే చెట్టెక్కడు. ముందు చుట్టూ తిరుగుతాడు. మొదట్లో పుట్టగొడుగులు ఉన్నవా, బెరడు ఎక్కడైన పొంగినదా, కొమ్మల పంగలో పగులు ఉన్నదా అని చూస్తాడు. మెత్తని సుత్తితో మానును తట్టి చెవి పెట్టుతాడు. చేవ ఉన్న మాను ఖణేలుమంటుంది. గుల్ల మాను డోలువలె పలుకుతుంది. ధ్వనితో బ్రదికే మావంటివారికి ఈ పరీక్ష ప్రత్యేకముగా ముచ్చట గొలుపుతుంది. గుల్ల అయినంతమాత్రాన చెట్టు బలహీనమని కాదు. గొట్టము కూడ బలముగానే ఉంటుంది. గోడ ఎంత మందము మిగిలినదనేదే ప్రశ్న. ఆ పైన సన్నని దారమునకు కట్టిన చిన్న బరువు సంచిని పైనున్న గట్టి పంగమీదుగా విసరి, దారము వెంట తాడును లాగుతాడు. తాడు రెండు పేటలుగా వ్రేలాడుతుంది. ఎక్కకముందు ఇద్దరు మనుషులు నేలమీదనుండి దానికి వ్రేలాడి, పంగ ఆగుతున్నదా అని చూస్తారు.

తాడు ఒక కొస అతని నడుము పట్టీకి. ఆ కొసనుండే రెండవ పేటమీద ఒక ముడి వేస్తారు. ఆ ముడిలోనే విద్య అంతయు ఉన్నది. బరువు పడితే బిగిసి ఆగుతుంది. చేతితో నొక్కితే జారుతుంది. 1931లో కార్ల్ ప్రూసిక్ అనే ఆస్ట్రియా పర్వతారోహకుడు ఇటువంటి పట్టుముడిని ప్రచురించినాడు. వృక్షవైద్యులలో దానికి దాయాదులైన ముళ్ళు అనేకము వ్యాప్తిలో ఉన్నవి. మొదట ఫిలిప్పీన్సు నారతో పేనిన మనీలా తాళ్ళు వాడేవారు. అవి తడిస్తే బిగిసేవి, లోపల కుళ్ళినా పైకి తెలిసేది కాదు. రెండవ ప్రపంచయుద్ధము తరువాత నైలాను, పాలియెస్టరు తాళ్ళు వాని స్థానమును ఆక్రమించినవి. కాళ్ళకు కట్టుకొనే ఇనుప ముళ్ళను మాత్రము వృక్షవైద్యుడు బ్రదుకవలసిన చెట్టుమీద వాడడు. అడుగడుగునా బెరడును పొడిచి గాయము చేసే వైద్యుడు వైద్యుడెట్లు అవుతాడు? నరకివేయుటకు నిశ్చయించిన చెట్టుమీదనే అవి వాడాలి.

ఇంత కట్టుదిట్టముగా ఎక్కినవాని చేతికి గొలుసు రంపము అందిస్తే అన్ని లెక్కలూ మారిపోతవి. దాని గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగముతో పరుగెత్తుతుంది. తాడును కలప అనుకొని కోయుటకు దానికి క్షణము పట్టదు. అందుకని రంపము పట్టేముందు నడుమునుండి రెండవ తాడు ఒకటి మానుచుట్టూ త్రిప్పి తగిలించుకోవాలి. దానిలో ఉక్కుతీగ పేనినవి కూడ ఉన్నవి. రంపపు పట్టీ కొసన పైమూల దేనికైన తగిలితే, గొలుసు అక్కడ చిక్కుకొని రంపమంతయు పైకెగిరి పనివాని ముఖమువైపు వస్తుంది. దీనిని కిక్‌బ్యాక్ అంటారు. ఎదురుతన్ను అంటే సరిపోతుంది. మనిషి తెలిసికొని చేయి తీసే లోపల అది జరిగిపోతుంది. 1970లలో వచ్చిన గొలుసు బ్రేకు ఇందుకే: రంపము ఎగిరితే ముందున్న కవచము కదలి గొలుసును ఆపుతుంది. పిడి పైనున్న చిన్న రంపమును ఒంటిచేతితో పట్టి, రెండవ చేతితో కొమ్మ పట్టుకొనే ఆశ అందరికీ కలుగుతుంది. ఆ ఆశకు బలైనది ఎక్కువగా ఎడమచేయి.

దుస్తులలో కూడ ఒక ఉపాయము ఉన్నది. రంపపు పనివారి ప్యాంటులో పొడవైన దారముల పొరలు దట్టముగా కుడతారు. గొలుసు తాకగానే ఆ దారములు బయటికి పీకుకొనివచ్చి పళ్ళచక్రమునకు చుట్టుకొని దానిని ఆపివేస్తవి. గుడ్డ చిరుగుతుంది, కాలు మిగులుతుంది. అదరువలన వచ్చే జబ్బు ఇంకొకటి. ఏండ్ల తరబడి రంపము పట్టినవారి వేళ్ళు చలిలో తెల్లబడి, తిమ్మిరెక్కి, స్పర్శ తగ్గిపోయేవి. 1960లలో అడవి పనివారిలో ఈ జబ్బు విరివిగా కనబడిన మీదట, రబ్బరు దిమ్మలమీద పిడులను నిలిపి అదరును తగ్గించినారు. చెట్టు క్రింద ఉండే మనిషి సంగతి కూడ మరువరాదు. తెగిన కొమ్మ తాడువెంట దిగుతుండగా దానిని మానుచుట్టూ త్రిప్పిన తాడుతో బిగబట్టి దించేది అతడే. పైవాడు గాయపడితే ఎక్కి దించవలసినదీ అతడే. కాబట్టి చెట్టెక్కుట రాని మనిషిని ఒక్కనిని క్రింద నిలిపి పని చేయరాదని నియమము.

ఇట్టి నియమములు పుస్తకములలోనికి ఎట్లు ఎక్కినవో చెప్పుకోదగినది. 1968లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రములో ఒక తల్లి, చెట్టుమీద పని చేస్తుండగా విద్యుత్తు తగిలి తన కుమారుడు చనిపోగా, ఈ పనికి భద్రతా ప్రమాణములు కావలెనని విజ్ఞప్తి చేసినది. దానిని పురస్కరించుకొని ఒక సంఘము ఏర్పడి, 1972లో జెడ్ 133 అనే పేరుతో ప్రమాణములను వెలువరించినది. నేటికిని సవరణలతో అమెరికాలో అవి అనుసరింపబడుతున్నవి. వానికి మూలమైన ఆమె ఇంజనీరు కాదు, వృక్షశాస్త్రజ్ఞురాలు కాదు.

మన దేశములో పెద్ద చెట్లకు పెద్ద శస్త్రచికిత్సలు జరుగలేదనరాదు. హౌరాలోని వృక్షోద్యానమున ఉన్న మహావటవృక్షము 1864, 1867 తుపానులలో దెబ్బతిని, తరువాత శిలీంధ్రము సోకి, చివరకు 1925లో దాని అసలు మానునే తొలగించవలసి వచ్చినది. ఊడలమీద మిగిలిన చెట్టు నేటికిని విస్తరిస్తూనే ఉన్నది. మానే లేని చెట్టు బ్రదుకుట మర్రికి చెల్లినది.  మన మహబూబ్‌నగరు దగ్గరి పిల్లలమర్రి సంగతి మరింత ఇటీవలిది. చెదలు తొలిచిన కొమ్మ విరిగి పడుటతో 2017 డిసెంబరులో సందర్శకులను ఆపివేసినారు. మొదట మానుకు రంధ్రములు చేసి మందు ఎక్కించిచూచినారు, అది నిలువలేదు. 2018లో ఆసుపత్రిలో రోగికి సెలైను పెట్టినట్లు, చెదలమందు కలిపిన నీటి సీసాలను వందలకొద్ది కొమ్మలకు కట్టి బొట్టు బొట్టుగా ఎక్కించినారు. బరువు మోయలేని కొమ్మలకు ఆసరాలు నిలిపినారు. ఆ ఫోటోలు పత్రికలలో చూచి నవ్వినవారును ఉన్నారు. మాకైతే వాయువిడంగముల పూతకు తరువాతి అధ్యాయము అది అనిపించినది.

చెట్టెక్కే విద్యలో మనవారికి ఎవరును నేర్పవలసిన పని లేదు. తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు మోకును మానుచుట్టూ, తన నడుముచుట్టూ త్రిప్పి, పాదములకు బంధము వేసికొని, ముస్తాదుతో రోజుకు ఎన్నో చెట్లు ఎక్కి దిగుతాడు. న్యూయార్కు వృక్షవైద్యుని రెండవ తాడును, తెలంగాణా పల్లెలోని మోకును ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఆలోచన ఒక్కటే. భేదము ఒక్కచోట ఉన్నది. వృక్షవైద్యుని తాడు పైన పంగకు తగిలి ఉంటుంది. కాలు జారినా మనిషి గాలిలో ఆగుతాడు. తాటికి పంగ లేదు. మోకు మానును ఒరసుకొని మాత్రమే నిలుస్తుంది. వానకు తడిసిన మానుమీద మోకు జారితే ఆపేది ఏదీ లేదు. గీతకార్మికుడు చెట్టుమీదినుండి పడి చనిపోయినాడనే వార్తను మేము ప్రాంతీయ వార్తలలో ఎన్నిసార్లు చదివినామో లెక్క పెట్టుకోలేదు.

2024 జూలైలో తెలంగాణా ప్రభుత్వము గీతకార్మికులకు వారి కులదైవము పేరుతో 'కాటమయ్య రక్షణ కవచము' అనే సామగ్రిని పంచుట ప్రారంభించినది. నడుముకు, తొడలకు తగిలే పట్టీలు, తాళ్ళు, కొక్కెములు అందులో ఉన్నవి. పట్టు తప్పినా మనిషి నేలకు రాకుండ నడుమనే ఆగిపోవుట దాని ఉద్దేశము. వీధి చెట్లమీద నిచ్చెన వేసి కటింగ్ మిషన్ పట్టుకొని ఎక్కే మన కూలీలకు మాత్రము అటువంటి కవచము ఇంకను మాకు తరచుగా కనబడుటలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినప్పుడు వేల చెట్లు కూలినవి. రోడ్లమీద వానిని కోసి దారి చేసినవారిలో పలువురి కాళ్ళకు ఉన్నవి రబ్బరు చెప్పులు.